మెత్తరాయి

శుక్రవారం. మిక్సర్ నోరు మూసుకుంది.
సైక్ అంచున హోటలు గోడ
నడుమెత్తుకొచ్చి ఆగింది.
ఖల్ఫాన్ పికప్ రెండుసార్లు హారన్ కొట్టింది.
"యల్లా, పెళ్లీ!
ఈరోజు కూలీ లేని కొండ ఎక్కుదాం."

పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందుంటుంది గదా,
ఓర్సు అతని నోట్లో ఉర్స్ అయింది.
అరబ్బీలో పెళ్లి అని అర్థమట.
మూడేళ్లుగా ఈ జబల్ అఖ్దర్ మీద
తాడూ తాపీ పట్టుకుని తిరిగే పెళ్లిని నేను.

దారి లేదు. రాయి మీద రాయి పెట్టిన గుర్తులే దారి.
డెబ్బై దాటినా అతని మోకాళ్లు మేకవి.
నేను సేఫ్టీ బూట్ల ఇనుప మునివేళ్లతో
తడుముకుంటూ ఎక్కాను.
జునిపర్ చెట్టొకటి
సగం ఎండి, సగం బతికి,
ఎటూ తేల్చుకోకుండా నిలబడి ఉంది.
దాని కింద సున్నపురాయిలో గవ్వ,
ఇంత ఎత్తున, సముద్రం విడిచిపోయిన ఒంటి చెప్పులా.

నేను రాయిని చదవగలను. బడి నేర్పింది కాదు.
వడ్డెరోళ్ల పిల్లకు పలకంటే
ముందు బండ, తర్వాతే అక్షరం.
సమ్మెట తిన్న రాయి నెలవంకలా లేస్తుంది.
ఎండకు పగిలింది ఉల్లిపొరలా ఊడుతుంది.
తూటా పెట్టి పేల్చినదానికి
పక్కన సగం బెజ్జం మిగులుతుంది,
వేలు దూర్చి చూడొచ్చు.
మా నాయన అలాగే చూశాడు, పేలని తూటాని.
తర్వాత లెక్కపెట్టుకోవడానికి ఎనిమిదే మిగిలాయి.

శిఖరానికి కాస్త కింద ఒక బండ.
బెజ్జం లేదు. ఉలి గీత లేదు.
నడిమధ్య గుంట,
చుట్టూ చీలికలు బయటికి పరుగెత్తుతూ.
లోపల్నుంచి పేలింది కాదు,
పైనుంచి ఏదో వచ్చింది.
"ఇదేం తూటా?" అన్నాను, తెలుగులోనే.
ఖల్ఫాన్ తన అరచేతిని విమానం చేసి
నా తలమీదుగా నడిపించాడు.
నోటితో చప్పుడు చేయలేదు.
ఆ ఒక్కటీ మానేశాడు.

అప్పుడు అయిదేళ్లంట. గుహలో తల్లి, చెల్లి, ఏడు మేకలు.
పగలు పొయ్యి లేదు, పొగ కనిపిస్తుందని.
"మేకల మూతులు చేతుల్తో మూసేవాళ్లం,
విమానానికి వినపడుతుందనుకుని."
దానిమ్మ ఒలిచి సగం నాకిచ్చాడు.
గింజలు రాలకుండా తినడం అతన్ని చూసి నేర్చుకోవాలి.

ఇంకాస్త పైన రాళ్ల దడి,
బొడ్డెత్తు కూడా లేదు.
గోడలు కట్టేవాడిగా నాకే సిగ్గేసింది.
పొంకం లేదు, అతుకు కలవలేదు,
పెద్దది పైన, చిన్నది కింద.
ఎవరో పడుకుని కట్టిన గోడ.
తల ఎత్తలేక, చేయి ఒక్కటే చాపి,
దొరికింది దొరికినట్టు పేర్చిన గోడ.

"మీవాళ్లదా, అవతలివాళ్లదా?"
ఖల్ఫాన్ లోపలికి పోయి పడుకున్నాడు.
ఇటు తిరిగి, "ఇలాగైతే మావాళ్లు."
అటు దొర్లి, "ఇలాగైతే మస్కట్ సైన్యం, వాళ్ల ఇంగ్లీషు దొరలు."
వెల్లకిలా తిరిగి ఆకాశం చూశాడు.
ఈసారి ఏమీ చెప్పలేదు.

ఒక రాయి జారి ఉంది. చేయి ఊరుకోదు గదా,
ఎత్తి, మలిపి, దాని చోటు వెతకబోయాను.
"వద్దు పెళ్లీ," అన్నాడు, "పడిపోనీ.
నువ్వు కడితే వందేళ్లు నిలబడుతుంది."

శిఖరం మీద గాలి. సిగ్నల్ రెండు గీతలు.
క్వారీలో ఉన్న అక్కకు వీడియో కాల్.
కంప్రెసర్ మోతలోంచి అరిచింది, "కొండేనా? చూపియ్యిరా!"
ఫోను చుట్టూ తిప్పాను,
మెట్లమెట్లుగా గులాబీ మళ్లు, నీలం లోయ,
మేం కడుతున్న గోడ అగ్గిపుల్లంత.
అక్క అవేవీ చూడలేదు.
"కింద పెట్టు, కింద పెట్టు," అని
నా కాళ్ల దగ్గరి రాయిని చూసింది.
"మెత్తదిరా. కంకరకు రాదు.
తూటా దండగ."

ఏమందని అడిగాడు ఖల్ఫాన్.
నాకొచ్చిన అరబ్బీలో సిమెంటు ఉంది,
నీళ్లున్నాయి, జీతం ఉంది, రేపు ఉంది.
దండగ లేదు.
"మా అక్కకు నీ కొండ నచ్చలేదు," అన్నాను.
నవ్వాడు.
దిగుతున్నంతసేపూ, ఆగి ఆగి,
మోకాళ్లు పట్టుకుని నవ్వాడు.